రంగు పోదు కదా?

బట్టల కొట్లో మీరు అడిగే మొదటి మాట ఇదే.

అద్దకం దగ్గరే నీళ్లపాలైన రంగు ఎక్కడికి పోయిందని ఎప్పుడైనా అడిగారా?

తిరుప్పూరు పేరు తెలుసుగా? బనియన్లు, పిల్లల టీషర్టులు. అక్కడ అద్దకం తొట్టిలో రంగుతోపాటు, అది నూలుకు పట్టేందుకు బస్తాలకొద్దీ ఉప్పు పోస్తారు. అయినా నూలుకు వేసే ఈ రియాక్టివ్ రకం రంగుల్లో పదో వంతు నుంచి మూడో వంతు దాకా దానికి పట్టదు. ఉప్పుతోపాటు కడిగిన నీళ్లతో పోతుంది.

పోయి ఏం చేసిందో వినండి. నొయ్యల్ నది రంగుల కాలువైంది, సాగుకని 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట మురుగు గుంటైంది, బావులు ఉప్పెక్కాయి, పొలాలు చవుడుబారాయి, ఆ నీళ్లు మా పొలాలకు వదలొద్దని రైతులే మొత్తుకున్నారు, కోర్టుల చుట్టూ తిరిగారు, గొడవ సుప్రీంకోర్టుదాకా వెళ్లి 2009లో తీర్పొచ్చింది, అయినా మురుగు ఆగక 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లు మూసేయమంది, కూలీల పొట్ట కొట్టినట్టయింది, శుద్ధి ప్లాంట్లు నీళ్లను తిరిగిచ్చినా రసాయనాల మడ్డి బస్తాల్లో గుట్టలు పడింది, దొంగచాటుగా వదిలేవాళ్లు వదులుతూనే ఉన్నారు.

ఇదంతా పేపర్లలో వచ్చింది. మీరు పేజీ తిప్పేశారు.

దారి లేక కాదు. మెంథాల్‌ను, కొబ్బరినూనెలో దొరికే లారిక్ ఆమ్లాన్ని కలిపి కాస్త వేడిచేస్తే నీటిలో కలవని ద్రవం అవుతుంది. ఇలాంటి ద్రావణులను రంగునీళ్లలో పోసి కలిపి వదిలేస్తే కొన్ని రకాల రంగులను లాక్కుని పైకి తేలతాయి. ప్రయోగశాలల్లో ఇది రుజువైంది. నీటితో చర్య జరిగి చెడిన రియాక్టివ్ రంగు మళ్లీ నూలుకు సరిగా పట్టదు, నిజమే. అన్ని రంగులూ అలా చెడవుగా! జీన్స్‌కు వేసే ఇండిగోను కొన్ని మిల్లులు దశాబ్దాలుగా వడపోసి తిరిగి వాడుకుంటున్నాయి.

డబ్బు పోసి కొన్న రంగు అది. దాన్ని మురుగులో పోసి, ఆ మురుగు శుద్ధికి మళ్లీ డబ్బు పోస్తారా?

రంగును ఇలా తిరిగి రాబట్టకుండా ఎవరు ఆపారు? ఎవరూ ఆపలేదు. ఎవరికీ పట్టలేదు!

ప్రయోగశాల గాజు సీసా దాటని ఈ ద్రావణుల పనిని ఒక్క అద్దకం యూనిట్లో పూర్తి స్థాయిలో చేసి చూడటానికి ఖర్చు ఎవరు పెట్టాలి? మిల్లా? దాని దగ్గర కొని నాలుగింతలకు అమ్ముకునే బ్రాండా? సబ్సిడీలిచ్చే సర్కారా?

పది రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడతారే, ఈ ప్రశ్న ఆ బ్రాండును ఎందుకు అడగరు?