సంపాదకుని మాట: మూడుల్ స్థాపనమున చిక్కులు

ఆస్ట్రేలియా దేశస్థుడగు మార్టిన్ డూగియామస్ 2002లో లోకమునకు ఉచితముగా నొసంగిన మూడుల్ అను బోధనా సాఫ్ట్‌వేరును తమ సర్వరుపై స్థాపింపబూనిన ఉపాధ్యాయులు, తొలినాడే తెరమీద ఒక్క యక్షరమైనను లేని తెల్లని పుట యెదురుకాగా, నిరుత్సాహపడి ప్రయత్నమునే విరమించుట మిగుల శోచనీయము. ఏలయన, అందులకు హేతువు ప్రాయికముగా పీహెచ్‌పీలో లోపించిన యొక ఎక్స్‌టెన్షనో, చాలని మెమరీయో అయియుండును. దాని జాడ సర్వరు ఎర్రర్ లాగులో సాధారణముగా దొరకును.

మూడుల్‌డేటా ఫోల్డరు విషయమున మాత్రము ఏమరుపాటు కూడదు. విద్యార్థులు సమర్పించిన ఫైళ్లు నిక్షిప్తమగు నా స్థలమున వెబ్‌సర్వరునకు వ్రాయు ననుమతి యుండవలెను గాని, అది బ్రౌజరుతో నెవరైనను నేరుగా తెరువగల చోట నుండరాదు. అనుమతుల చిక్కు తీరుటకై 777 అని వ్రాసి సర్వులకును సర్వాధికారము నిచ్చుట, పిన్న పిల్లల వ్రాతలను దాచుచోట, అపాయమును కోరి తెచ్చుకొనుటయే యని నా నిశ్చితాభిప్రాయము. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు యూటీఎఫ్8ఎంబీ4 అను అక్షరసంకేతములో నుండుటయు, నేపథ్య పనులను నిర్ణీతవేళల నడపు క్రాన్ నిమిషమున కొకసారి నడచుటయు ఆవశ్యకములు. క్రాన్ నిలిచినచో చర్చావేదికల ఈమెయిళ్లు కదలవు.

సహాయము కోరు పాఠకులు తమకు కనబడిన ఎర్రర్ సందేశమును, మూడుల్, పీహెచ్‌పీ వెర్షనులతో కూడ, యథాతథముగా వ్రాసి పంపవలెనని మనవి.