పొలానికి పికప్ బండి: మోత వేరు, లాగుడు వేరు

పదవీ విరమణ సమీపిస్తున్న సహోద్యోగులు పలువురు స్వగ్రామంలోని నాలుగైదు ఎకరాల వైపు దృష్టి సారించడం సహజం. మా విభాగంలోని ఒక మిత్రుడు భవిష్య నిధి సొమ్ములో కొంత వెచ్చించి పికప్ వాహనం కొనదలచి, ఇటీవల నా సలహా కోరారు. "పాతిక బస్తాల ధాన్యం అవలీలగా లాగుతుందట!" అన్నారు ఉత్సాహంగా. ఆ మాట అమ్మకందారు చెప్పినది. బండి పత్రాలు ఏమి చెబుతున్నాయో చూద్దామన్నాను.

రిజిస్ట్రేషన్ పత్రంలో రెండు అంకెలుంటాయి: సరుకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు, ఖాళీ బండి బరువు. మొదటిది 2,990 కిలోలు, రెండవది 1,700 కిలోలు అనుకుందాం. తేడా 1,290 కిలోలు. డ్రైవరు, పక్కన మరొకరు కూర్చుంటే సుమారు 140 కిలోలు పోతాయి. మిగిలినది 1,150. బస్తాకు 75 కిలోల చొప్పున పదిహేను బస్తాలు మాత్రమే! పాతిక వేస్తే కదలదని కాదు, కదులుతుంది. కమాను పట్టీలు, టైర్లు, అన్నింటికంటే ముఖ్యంగా బ్రేకులు ఆ భారానికి ఉద్దేశించినవి కావు.

2005లో వచ్చిన టాటా ఏస్ వంటి చిన్న బండ్లు ముప్పాతిక టన్ను తరగతివి. కూరగాయలకు, పాలక్యాన్లకు చక్కగా సరిపోతాయి. బొలెరో పికప్, టాటా యోధా వంటివి రకాన్ని బట్టి టన్నుకు పైనుంచి రెండు టన్నుల దాకా మోస్తాయి.

మిత్రుని రెండవ కోరిక, ఇంటివద్దనున్న ట్రాక్టరు ట్రక్కును ఈ బండికే తగిలించడం. ఇక్కడ నేను గట్టిగా వారించాను. ట్రెయిలరు లాగడానికి తయారీదారు అనుమతి ఉన్నదీ లేనిదీ, ఉంటే ఎంత బరువుకో, ముందు వ్రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఒకే ఇరుసు గల ట్రెయిలరు బరువులో సుమారు పదవ వంతు కొక్కెం మీద పడుతుంది. టన్నున్నర ట్రెయిలరు తగిలిస్తే రెండు బస్తాల బరువు బండి వెనుక భాగం మీద మోపినట్లే. ట్రాక్టరు ట్రక్కు నిదాన ప్రయాణానికి చేసినది. చెరువు కట్ట దిగేటప్పుడు తన బ్రేకులు లేని ట్రక్కు ముందున్న బండిని నెడుతుంది.

నల్లరేగడి నేలవారికి మరొక మాట. ఖాళీ పికప్‌లో బరువంతా ముందు వైపే ఉంటుంది. నడిపేవి వెనుక చక్రాలు. వాన పడిన మరునాడు అవి ఉన్నచోటనే తిరుగుతాయి. అటువంటి దారి గలవారు నాలుగు చక్రాల చోదనం గల రకం గురించి విచారించవచ్చు. ఖర్చు మాత్రం ఎక్కువే.

లైసెన్సు విషయం చాలామంది అడుగుతున్నారు. మొత్తం బరువు 7,500 కిలోలకు మించని సరుకు వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024లో స్పష్టం చేసింది. సరుకు వాహనంగా నమోదైన బండికి ఫిట్‌నెస్ ధ్రువపత్రం, తగిన బీమా తప్పనిసరి.

మిత్రుడు చివరకు టన్నుంపావు మోసే బండికి బయానా ఇచ్చారు. కోతల పది రోజులకూ ట్రాక్టరును బాడుగకు మాట్లాడుకున్నారట. పాత ట్రక్కు మాత్రం ఇంకా వారి దొడ్డిలోనే ఉన్నది.