ధర్మవరం కు కాదు, ధర్మవరానికి

మన సాఫ్ట్‌వేర్ జనాలకు ఒక అలవాటుంది. ఏదైనా యాప్‌లో తెలుగు చూసి పడీపడీ నవ్వడం, స్క్రీన్‌షాట్ తీసి నలుగురికీ పంపడం, ఆపైన "ఇందుకే నేను ఇంగ్లీషులోనే పెట్టుకుంటా" అనడం. తిట్లన్నీ అనువాదకుడికి. నన్నడిగితే అందులో సగం మనకే రావాలి.

ధర్మవరం-పాకాల రైలు మార్గాన్నే తీసుకోండి. ముదిగుబ్బకు, కదిరికి, ధర్మవరానికి. ఒకే లైన్లో మూడు స్టేషన్లు, మూడు తీర్లు. ముదిగుబ్బకు "కు" (మాటల్లో "కి" అన్నా నడుస్తుంది), ఇకారంతో ముగిసే కదిరికి "కి", చివర సున్నా ఉంటే ఏకంగా పదం రూపమే మారిపోతుంది. ముదిగుబ్బలో బడి మొహం చూడని అవ్వ కూడా కండక్టర్ని "ధర్మవరానికి రెండు టికెట్లియ్యప్పా" అనే అడుగుతుంది. మరి మనమో? కోడ్‌లో ఊరి పేరుకు ఖాళీ వదిలేసి, "టు" అన్న ముక్కను విడిగా అనువాదకుడి మొహాన పడేస్తాం. అతనికి కనిపించేది ఎక్సెల్ షీటులో ఒంటరిగా ఒక "టు". "కు" అని కాక ఇంకేం రాస్తాడు పాపం?

వాక్యాన్ని ముక్కలు చేసి అతికించకండి, మొత్తంగా ఇవ్వండి అని గ్నూ గెట్‌టెక్స్ట్ మాన్యువల్ చెబుతూనే ఉంది. చదివేదెవరు? నిజానికి మొత్తంగా ఇచ్చినా, ఊరి పేరు మారుతుంటే ధర్మవరం తిప్పలు తప్పవు. "ఎక్కే ఊరు: ముదిగుబ్బ, దిగే ఊరు: ధర్మవరం" అని రాసేస్తే అసలు విభక్తి గొడవే ఉండదు.

"మీకు 1 కొత్త సందేశాలు ఉన్నాయి" అన్నదానికైతే సాకే లేదు. యూనికోడ్ వాళ్ళ సీఎల్‌డీఆర్‌లో అరబిక్‌కు ఆరు వచన రూపాలుంటే తెలుగుకు రెండే. ఆండ్రాయిడ్‌లో "ప్లూరల్స్" ఉన్నది ఇందుకే.

ఇవి నవ్వుకుని వదిలేసేవి. "దరఖాస్తు రద్దు చేయాలా?" అని అడిగి కింద "సరే", "రద్దు" అని రెండు బటన్లు పెడితే? వేరుశనగకు బీమా కోసం దరఖాస్తు పెట్టుకున్న రైతు, దాన్ని నిలుపుకోవాలంటే ఏది నొక్కాలి? ఇంగ్లీషులోనూ ఇదే తికమక, కాకపోతే మనకు అలవాటైపోయింది. "అవును, రద్దు చేయండి", "వద్దు, ఉండనివ్వండి" అని రాయడానికి పండితులు అక్కర్లేదు.

"తెలుగుకు టైమెక్కడ ఇస్తారండీ" అంటారా? బటను రెండు పిక్సెళ్ళు పక్కకు జరిగితే బగ్ వేసే టెస్టరు, "ధర్మవరం కు" చూసి మాత్రం "కంటెంట్ ఇష్యూ" అని వదిలేస్తాడు. దాన్నీ బగ్గుగానే వేయండి. అనువాదకుడికి కాదు, ఆ స్ట్రింగ్ అతికించినవాడికి అసైన్ చేయండి.