సముద్రంలో వేటకు విరామం: మన చెరువులకు, జలాశయాలకు ఏం నేర్పుతుంది?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, రాష్ట్ర తీరంలో మరబోట్లు, మోటారు పడవలు ఒడ్డునే ఉంటాయి. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం కావడంతో వేట ఆపుతారు. కోడుమూరుకు సముద్రం దూరమే. కానీ ఈ నిబంధనల వెనుక ఉన్న లెక్క హంద్రీ నీటికీ, గాజులదిన్నె జలాశయానికీ, ఊరి చెరువుకూ వర్తిస్తుంది. చిన్న రైతులు దీన్ని తెలుసుకోవాలి.

సముద్రంలో నియమాలు ఇవీ

ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు నీటిని సంప్రదాయ పడవల వారికే వదిలారు. మరబోట్లు ఆ గీత దాటాకే వల వేయాలి. 2014 వరకు విరామం 47 రోజులే. 2015 నుంచి 61 రోజులు చేశారు. తెడ్డు, తెరచాపలతో నడిచే పడవలకు మినహాయింపు ఉంది.

లోతు సముద్రంలో వేటకు కేంద్రం 2025 నవంబరులో కొత్త నిబంధనలు ప్రకటించింది. మరబోట్లు అనుమతి పత్రం తీసుకోవాలి. ఎల్ఈడీ దీపాల వెలుగుతో చేపలను పోగుచేసి పట్టడం, రెండు బోట్లు కలిసి ఒకే వల లాగడం నిషిద్ధం.

ఒడ్డున గాలం వేసేవారికీ కొన్నిచోట్ల కట్టడి ఉంది. మన తెలుగువారు ఎక్కువగా ఉండే అమెరికాలోని కాలిఫోర్నియాలో, సముద్రంలోకి కట్టిన ప్రజా వంతెన మీద గాలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ ఒక మనిషి రెండు గాలాలకు మించి వేయకూడదు. హాలిబట్ అనే చేప 22 అంగుళాల కన్నా చిన్నదైతే తిరిగి నీటిలో వదలాలి. అంటే ప్రవేశం ఉచితమే గానీ, ఎంత పట్టాలన్నది ఎవరి ఇష్టం వారిది కాదు.

సాయంలో తేడా

వేట ఆగిన కాలానికి సముద్ర మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 2019లో రూ.10 వేలు చేశారు. 2025 ఏప్రిల్‌లో 'మత్స్యకార సేవలో' పథకం కింద రూ.20 వేలకు పెంచారు. పొయ్యి వెలిగే దారి చూపారు కాబట్టే నిషేధం నిలబడుతోంది.

జలాశయాల్లో పరిస్థితి వేరు. కృష్ణా జలాశయాల్లో సాధారణంగా జులై, ఆగస్టు నెలల్లో వేట ఆపుతారు. బొచ్చె, రాగండి, ఎర్రమోసు చేపలు తొలి వరద నీటిలో గుడ్లు పెట్టేది అప్పుడే. కానీ పై భృతి సముద్రంలో వేటాడేవారికే. జలాశయంపై బతికే కుటుంబానికి ఆ రెండు నెలలూ చేతిలో ఏమీ ఉండదు. శ్రీశైలం జలాశయంలో పిల్ల చేపలను కూడా ఊడ్చేసే అలివి వలల గొడవ ఏళ్లుగా తెగకపోవడానికి ఇదీ ఒక కారణం. నిబంధన పెట్టి ఆకలిని వదిలేస్తే వల రాత్రిపూట నీటిలోకి దిగుతుంది. జలాశయ మత్స్యకారులకూ విరామ భృతి ఇవ్వాలన్న మాట న్యాయమైనదే.

మనకు నష్టం ఎక్కడ?

వేసవిలో సముద్రపు చేప తగ్గితే చెరువు చేపకు గిరాకీ పెరుగుతుంది. అదే సమయంలో మన చెరువులు అడుగంటుతాయి. ఆశకొద్దీ పిల్ల చేపలనూ పట్టేస్తారు. ఈ రకాలు నిలిచిన చెరువు నీటిలో పిల్లలు పెట్టవు. మళ్లీ పిల్లలను కొని వదలాల్సిందే. పావు కిలో చేపను పట్టడం, పాలుపోసుకోని కంకిని కోయడం రెండూ ఒకటే.

రైతులు పాటించాల్సినవి

• చెరువులో చేపల హక్కు ఎవరిదో పంచాయతీలో ముందుగా కనుక్కోండి. లీజు తీసుకున్న మత్స్యకార సంఘం, లేదా వేలం పాడినవారి అనుమతి లేకుండా వల వేయకండి.

• మందుగుండు పేల్చడం, నీటిలో విషం కలపడం 1897 నాటి చట్టం ప్రకారమే నేరం. ఆ చేపలు తిన్నవారికీ ప్రమాదం.

• పత్తి, మిరప పైర్లపై మందు కొట్టాక పంపును చెరువులో, వంకలో కడగొద్దు. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటి మందులు కొద్దిపాటి మోతాదులోనే చేపలను చంపుతాయి. కడిగిన నీళ్లు నీటి వనరులకు దూరంగా బీడు నేలలో పోయండి. ఖాళీ డబ్బాలు నీటిలో వేయకండి.

• సేద్యపు కుంటలో కనీసం ఐదారు నెలలు నీరు నిలిస్తేనే చేప పిల్లలు వదలండి. వేలెడు పొడవుకు పెరిగిన పిల్లలనే ఎంచుకోండి.

• చేపల పెంపకానికి కూడా కిసాన్ క్రెడిట్ కార్డు రుణం దొరుకుతుంది. వివరాలకు రైతు సేవా కేంద్రాన్ని, మత్స్యశాఖ సిబ్బందిని సంప్రదించండి.

చెరువు ఊరందరిదీ. ఈ వేసవిలో చిన్న చేపను వదిలితే, నీరు నిలిచినచోట వచ్చే ఏడాది అదే కిలో చేపై వలలో పడుతుంది. వానలకు ముందే గ్రామసభలో ఈ విషయం మాట్లాడి, వల కన్ను ఎంత ఉండాలో, ఏ నెలల్లో వేట ఆపాలో తీర్మానం చేసుకోవడం మంచిది.