రాలిన కాయ, రగిలిన నిప్పు



ఎండలు ముదిరాయి. బడులకు సెలవులిచ్చారు. పిల్లలంతా ఇంటి పట్టున ఉన్నారు, చుట్టాలు వచ్చి పోతున్నారు. ఈ నెల మీతో వాక్యంతో పాటు ఒక తీపి వంటకం కూడా పంచుకోవాలని ఆశపడుతున్నాను. పాస్టరుగారికి వంటతో పనేమిటని నవ్వుకోకండి. ఈ వంట నాకు నేర్పింది మా సంఘంలోని ఒక పేద విధవరాలు. దానితో పాటు ఆమె నేర్పిన పాఠం నేను చదివిన వేదాంత పాఠశాలలో ఎవరూ నేర్పలేదు.

2023 మే నెలలో మా సంఘంలో పిల్లలకు వి.బి.యస్. జరుగుతోంది. ఒకరోజు తరగతులు ముగిశాక పిల్లల్ని వరుసగా అడుగుతున్నాను, "మీ ఇంట్లో కుటుంబ ప్రార్థన ఎప్పుడు పెట్టుకుందాం? అమ్మనడిగి చెప్పండి, వస్తాను" అని. ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు తల వంచుకొని, "మా ఇంటికి రావద్దండి అయ్యగారూ" అన్నాడు. దగ్గరకు తీసుకొని ఎందుకని అడిగాను. "మీరొస్తే డ్రింకు తేవాలి కదండీ. పోయినసారి తెచ్చింది కొట్లో ఇంకా బాకీ ఉందండి. అందుకే అమ్మ పిలవట్లేదు" అన్నాడు.

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. నిజమే, ఆ ఇంటికి వెళ్లి ఏడాది దాటింది. తండ్రి చనిపోయిన ఇల్లు. తల్లి కూలికి వెళ్తుంది. ప్రతి ఆదివారం ఆరాధనకు వస్తారు, వెనుక వరుసలో కూర్చుంటారు, ఆశీర్వాదం కాగానే వెళ్లిపోతారు. వాళ్లు పిలవలేదు కదా అని నేనూ ఊరుకున్నాను.

ఆ రాత్రి గృహ దర్శనాల పుస్తకం తీసి చూసుకున్నాను. డాబా ఇళ్లున్న వీధికి ఆ ఏడాది నాలుగేసి సార్లు వెళ్లాను. కాలువగట్టు మీది ఇళ్లలో సగం పేర్లు అసలు పుస్తకంలోనే లేవు. నా భార్యకు చూపించాను. ఆమె ఒక్క నిమిషం ఊరుకొని, "వాళ్లు పిలవలేదని మీరు వెళ్లలేదు. మీరొస్తే ఖర్చని వాళ్లు పిలవలేదు. మధ్యలో ఒక డ్రింకు సీసా గోడలా నిలబడింది" అంది. నాకు జవాబు లేకపోయింది.

మరునాడు సాయంత్రం చెప్పకుండా ఆ ఇంటికి వెళ్లాను. అంతకు ముందు రాత్రి ఈదురుగాలి వీచి తోటల్లో కాయ బాగా రాలింది. ఆ తల్లి వాకిట్లో కట్టెల పొయ్యి ముందు కూర్చొని, నిప్పులు ముందుకు లాగి, రాలిన మామిడికాయలు కాలుస్తోంది. నన్ను చూసి కంగారుగా లేచి, చేట అడ్డం పెట్టబోయింది. "కూర్చోండి అయ్యగారూ, అబ్బాయిని ఇప్పుడే కొట్టుకి పంపుతాను" అంది.

"వద్దమ్మా. నాకు ఆ కాయే పెట్టు" అన్నాను.

"రాలిన కాయలండీ ఇవి. మీకెలా పెడతాను?"

"నేనూ రాలిన కాయలు తిని పెరిగినవాణ్ణేనమ్మా" అన్నాను. అప్పుడామె నవ్వింది.

నల్లగా కాలిన తొక్క వలిచి, గుజ్జు తీసి, ఇంట్లో ఉన్న కాస్త బెల్లం నలిపి కలిపి, బాదం ఆకులో పెట్టి ఇచ్చింది. పుల్లగా, తియ్యగా, కొంచెం పొగ వాసనతో ఉంది. పిల్లవాడు నా పక్కన కూర్చొని తన ఆకు నాకేశాడు. ఆ వాకిట్లోనే ప్రార్థన చేశాం. వచ్చేటప్పుడు ఆమె, "మళ్లీ రండి అయ్యగారూ" అంది. కొట్లో ఉన్న బాకీ సంగతి ఆమె దగ్గర ఎత్తలేదు. ఆ డ్రింకు తాగింది నేను, కాబట్టి బాకీ నాదే. దారిలో తీర్చి ఇంటికి వచ్చాను.

ప్రియులారా, ఏలీయా ప్రవక్త సారెపతు విధవరాలి ఇంటికి వెళ్లిన సంగతి మనందరికీ తెలుసు (1 రాజులు 17). దైవసేవకునికి ముందు పెట్టాలని ఈ భాగం మీద నేను చాలాసార్లు ప్రసంగించాను. అయితే ఏలీయా వెళ్లాక ఆ ఇంట్లో పిండి తక్కువ కాలేదు, నూనె అయిపోలేదు. నేను వెళ్లివచ్చాక ఈ ఇంట్లో అప్పు మిగిలింది. ఆ తేడా నేనెన్నడూ ఆలోచించలేదు. దేవుని సేవకుడు వచ్చి వెళ్లిన ఇల్లు వెలితి పడకూడదు.

ఇంకొక మాట. తిరిగి లేచిన మన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున శిష్యులకు భోజనం సిద్ధం చేశాడు. అక్కడ నిప్పులు ఉన్నాయి, వాటి మీద చేప ఉంది, రొట్టె ఉంది (యోహాను 21:9). అంతే. దానికి ముందు పేతురు ప్రధాన యాజకుని ఇంటి ముంగిట నిప్పుల దగ్గర చలి కాచుకొంటూనే ప్రభువును ఎరుగనన్నాడు (యోహాను 18). అలాంటి పేతురును ప్రభువు మరల నిప్పుల దగ్గరకే పిలిచి, ముందు కడుపు నింపి, ఆ తరువాతనే ప్రేమను గూర్చి అడిగాడు. మరొకటి కూడా గమనించండి. అన్నీ సిద్ధంగా ఉన్నా, మీరు పట్టిన చేపలు కూడా కొన్ని తెమ్మన్నాడు. పెట్టేవాడు ఆయనే అయినా, వచ్చినవారి వంతు కూడా అందులో కలుపుకొన్నాడు.

అది చదివిన తరువాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. వేసవిలో గృహ దర్శనానికి వెళ్లేటప్పుడు సంచిలో బైబిలుతో పాటు పావుకిలో బెల్లం తీసుకెళ్తున్నాను. కాయలు, నిప్పులు ఆ ఇంటివారివి. బెల్లం నాది. ఇద్దరి వంతు కలిసిందే ఆ తీపి. ఆదివారం ప్రకటనల్లో కూడా చెప్పాను: నేను వచ్చినప్పుడు ఏ ఇంట్లోనూ డ్రింకు కొనవద్దు, మంచినీళ్లు చాలు, కాయ ఉంటే కాల్చి పెట్టండి అని.

ఇక ఆ వంట ఎలా చేయాలో చెబుతాను. ఆ సహోదరి చేసిన దానికి నా భార్య కొంచెం మెరుగులు దిద్దింది. ఆరేడుగురికి సరిపోతుంది.

కావలసినవి: దోర మామిడికాయలు 4 (సుమారు 1 కిలో), బెల్లం తురుము 250 గ్రాములు, నీళ్లు అర గ్లాసు, ఏలకులు 3, ఉప్పు చిటికెడు, పచ్చికొబ్బరి తురుము గుప్పెడు.

రాలిన కాయను ఎంచుకొనేటప్పుడు జాగ్రత్త. పగిలినవి, పురుగు పట్టినవి, మెత్తబడి వాసన వచ్చేవి తీసేయండి. తోటలో ఈ మధ్య మందు కొట్టారేమో అడిగి తెలుసుకోండి. ముచ్చిక దగ్గర కారే సొన చర్మానికి తగిలితే పొక్కుతుంది, అందుకే కాయలను బాగా కడిగి అరగంట నీళ్లలో ఉంచండి. దెబ్బ తిన్న కాయను మగ్గబెడదామని దాచకండి. అది పండేలోపు దెబ్బ దగ్గర కుళ్లుతుంది. ఏరిన రోజో, మరునాడో వండుకోవడమే మేలు. మా నూజివీడు వైపు దొరికే కాయల్లో కలెక్టర్, బంగినపల్లి దీనికి బాగుంటాయి. రసాలు, నాటు కాయలు అయితే పీచు ఎక్కువ, గుజ్జును జల్లెడలో వడకట్టుకోవాలి.

పొయ్యిలో మంట పూర్తిగా తగ్గి, నిప్పులు కణకణలాడేదాకా ఆగండి. మంట మీద పెడితే తొక్క మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. కిరోసిను పోసి అంటించిన నిప్పు వద్దు, ఆ వాసన కాయకు పడుతుంది. ప్రతి కాయకూ రెండు మూడు చోట్ల చాకు మొనతో గాటు పెడితే పగిలి చిమ్మదు. నిప్పుల మీద పెట్టి, మూడు నాలుగు నిమిషాలకొకసారి పట్టకారుతో తిప్పుతూ ఉండండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో తొక్క నల్లబడి ముడతలు పడుతుంది, నొక్కితే మెత్తగా దిగుతుంది. గ్యాసు పొయ్యి ఉన్నవారు పుల్కాలు కాల్చే జాలీ పెట్టి, సన్నటి మంట మీద ఇలాగే చేయవచ్చు. బొగ్గుల కుంపటిని మాత్రం తలుపులు మూసిన గదిలో ఎప్పుడూ పెట్టకండి. ఆ విషవాయువు ప్రాణం తీస్తుంది. వాకిట్లోనే కాల్చుకోండి.

కాలిన కాయలను పది నిమిషాలు మూతపెట్టి ఉంచితే తొక్క సులువుగా వస్తుంది. తొక్క తీసి, టెంక నుంచి గుజ్జంతా గీకి, చేత్తో గాని పప్పుగుత్తితో గాని మెదపండి. బెల్లంలో నీళ్లు పోసి కరిగించి, ఇసుక లేకుండా వడకట్టండి. దాన్ని మరిగించి కొంచెం జిగురు రాగానే గుజ్జు, ఉప్పు వేసి, సన్నటి సెగ మీద ఐదారు నిమిషాలు కలపండి. పులుపు వస్తువు గనుక అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి గిన్నెలు వద్దు. స్టీలు గిన్నె, మట్టి దాక మంచివి. దించి ఏలకుల పొడి కలపండి. కాల్చినంత మాత్రాన పులుపు పోదు, కాబట్టి రుచి చూసి బెల్లం పెంచుకోండి. చల్లారాక చిన్న గిన్నెల్లో పెట్టి, పైన కొబ్బరి చల్లండి. ఫ్రిజ్జు లేనివారు గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెట్టి, పైన తడిబట్ట కప్పితే కాస్త చల్లబడుతుంది, అయితే ఆ రోజే తినేయాలి. మిగిలితే చల్లని కుండ నీళ్లు కలిపి పానకంలా తాగవచ్చు. షుగరు ఉన్నవారు ఒక చెంచాతో సరిపెట్టుకోండి. బెల్లమైతే ఫరవాలేదని చాలామంది అనుకుంటారు గాని, అదీ షుగరును పెంచేదే.

తోటలున్న సహోదరులకు, తోటలు గుత్తకు తీసుకున్నవారికి ఒక మనవి. ఒక్క గాలివానకు మీ కష్టమంతా నేలపాలవుతుందని నాకు తెలుసు. రాలిన కాయ ఊరగాయకో, ఒరుగులకో అమ్మితే నాలుగు రూపాయలు చేతికి వస్తాయనీ తెలుసు. అయినా తోటలో రాలిన పండ్లను యజమాని ఏరుకొనక బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని దేవుడు ఇశ్రాయేలీయులకు ధర్మశాస్త్రంలో ఆజ్ఞాపించాడు (లేవీయకాండము 19:10). ఆయన రాలిన పండును కూడా లెక్కలో పెట్టాడు. అన్నీ వదలలేకపోయినా, గాలి వీచిన మరునాడు గట్టు దగ్గర ఒక గంపెడు కాయలు వదిలి, ఏరుకోవచ్చని కావలివానితో చెప్పించండి. కాయలు ఏరుకొనేవారిని దొంగల్లా చూసి అరవవద్దని కూడా చెప్పండి. మీరు వదిలిన ఆ కాయే ఎవరో ఒకరి వాకిట్లో కాలి, వచ్చిన అతిథి ముందు ఆ ఇంటివారి తల ఎత్తి నిలుపుతుంది.

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజపు సహోదరీలకు కూడా ఒక మాట. మీ సంఘంలో ఏడాదిగా ఎవరూ అడుగుపెట్టని ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఈ నెల ఒక కాగితం మీద రాయండి. వాళ్లు ఎందుకు పిలవడం లేదో పెద్దలు చెప్పరు, పిల్లలు చెబుతారు. కాస్త బెల్లం పట్టుకొని వెళ్లండి.

ఆ పిల్లవాడికి ఇప్పుడు కొంచెం వయసొచ్చింది. గాలి వీచిన మరునాడు ఆరాధనకు వస్తే ముందు వరుసలో కూర్చొని, నేను ఆశీర్వాదం చెప్పి దిగగానే చెయ్యి పట్టుకొని అడుగుతాడు, "అయ్యగారూ, కాయలు రాలాయండి. సాయంత్రం వస్తారా?" అని.

మీ ఇంటి నిప్పుల దగ్గర ఈ వేసవిలో ఒక పేదవానికి, ఒక ఒంటరివానికి చోటు దొరుకును గాక. మన ప్రభువు మీ గృహములను, మీ పిల్లలను, మీ తోటలను దీవించును గాక. ఆమేన్.