డిస్కు మూలుగుతుంటే డాక్టరీ చెయ్యకండి

మన ఐటీ వాళ్ళకో అలవాటుంది. ఏది చెడిపోయినా ముందు ఎందుకు చెడిందో తేల్చాలి. ప్రోగ్రాములో బగ్గు వస్తే ఇది మంచి అలవాటే. దాన్ని వందసార్లు మళ్ళీ తెప్పించినా కోడు అరిగిపోదు కదా! హార్డ్ డిస్కు సంగతి వేరు. చావుకి దగ్గరపడ్డ డిస్కు మీద మీరు నడిపే ప్రతి టెస్టూ దానికి మిగిలిన కాస్త ఆయుష్షులోంచే ఖర్చవుతుంది. అందుకే నా మటుకు నాకు, వింత చప్పుడు చేసే డిస్కు దగ్గర ముందు తేల్చాల్సింది ఒక్కటే ప్రశ్న: కరెంటు ఉంచాలా, పీకెయ్యాలా? రోగం పేరు తర్వాత తీరిగ్గా కనుక్కోవచ్చు.

మామూలు డెస్క్‌టాప్ డిస్కులో పళ్ళేలు నిమిషానికి 7200 సార్లు, అంటే సెకనుకి 120 సార్లు తిరుగుతాయి. హెడ్డు వాటిని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతూ ఉంటుంది. ఈ సంగతి గుర్తుంటే చప్పుళ్ళని పోల్చుకోవడం తేలికే.

ఆన్ చేయగానే లయ తప్పకుండా "టక్.. టక్.. టక్" అంటూ, డిస్కు కంప్యూటరుకి కనబడకపోతే, హెడ్డు తన దారి గుర్తులు చదవలేక వెనక్కొచ్చి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోందన్నమాట. రంపంతో కోస్తున్నట్టు గీరుడు వినిపిస్తే హెడ్డు పళ్ళేన్ని తాకుతున్నట్టే అనుకోవాలి. ఈ రెండిట్లో ఏదైనా సరే, వెంటనే కరెంటు తీసెయ్యండి. "ఇంకొక్కసారి చూద్దాం" అనకండి. ఆ ఒక్కసారికే మిగిలిన డేటా పోవచ్చు.

తగిలించగానే సన్నగా బీప్ లాంటి రొద చేసి, తిరగకుండా ఆగిపోయిందనుకోండి. ఎక్స్‌టర్నల్ డిస్కయితే ఒకసారి కేబులూ, పోర్టూ మార్చి చూడండి. కరెంటు చాలకపోయినా ఇలాగే చేస్తుంది. అప్పటికీ అంతే అయితే హెడ్డు అతుక్కుందో, మోటారు బిగుసుకుందో. ఆపెయ్యండి.

అప్పుడప్పుడూ వినిపించే ఒక చిన్న టిక్ మాత్రం హెడ్డు పక్కకెళ్ళి కూర్చునే చప్పుడే. ఎక్కువ కెపాసిటీ ఉన్న కొన్ని డిస్కులు ఊరికే ఉన్నప్పుడు కూడా కొన్ని సెకన్లకోసారి మెల్లగా చప్పుడు చేస్తాయి. కేబినెట్ గరగరమంటుంటే దుమ్ము పట్టిన ఫ్యానో, వదులైన స్క్రూవో కావచ్చు. పాపం డిస్కుని అనుమానించకండి :)

ఇక మధ్యరకం. డిస్కు కనబడుతోంది, కానీ ఫైలు తెరవడానికి నిమిషాలు పడుతోంది, మధ్యలో టిక్కుటిక్కుమంటోంది. ఇక్కడే మనలోని ఇంజినీరు నిద్ర లేచి పూర్తి స్కాన్ పెట్టేస్తాడు. కిందటేడు మా అక్క వాళ్ళ డిస్కుకి జరిగిందదే. షాపులో కుర్రాడు రాత్రంతా సర్ఫేస్ స్కాన్ నడిపి, పొద్దున్నే "బ్యాడ్ సెక్టార్లున్నాయి మేడం" అని చెప్పాడు. రోగనిర్ధారణ నూటికి నూరుపాళ్ళు కరెక్టే. అప్పటికి డిస్కు తిరగడం మానేసింది. పోయిన మా బావగారి నాన్నగారి గొంతు వినాలంటే ఉన్నవి అందులోని నాలుగు వీడియోలే.

అదే రాత్రి ముందు కాపీ పెట్టి ఉంటే? డీడీరెస్క్యూ లాంటి ఉచిత టూలు ముందు బాగా చదవగలిగిన భాగాలన్నీ లాగేసి, మొండికేసిన వాటి దగ్గరికి చివర్లో వస్తుంది. మధ్యలో ఆగినా, మ్యాప్ ఫైలు ఉంచితే ఆగిన చోటి నుంచే మొదలెడుతుంది. చెక్‌డిస్క్ అలా కాదు, రిపేరు పేరుతో అదే డిస్కు మీద రాస్తుంది. దాన్ని కావాలంటే కాపీ మీద నడుపుకోండి.

స్మార్ట్ రిపోర్టు చూడటం తప్పు కాదు, క్షణం పని. 5, 197, 198 నంబర్ల అసలు విలువలు పెరుగుతుంటే డిస్కు పోతున్నట్టే. 199 ఒక్కటే పెరుగుతుంటే కేబులు మీద అనుమానపడండి. కానీ కింద "పాస్" అని ఉంది కదా అని గుండె మీద చెయ్యేసుకుని పడుకోవద్దు. 2007లో గూగుల్ వాళ్ళు లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనంలో, పాడైన వాటిలో 36 శాతానికి పైగా డిస్కుల్లో ఉష్ణోగ్రత తప్ప మరే స్మార్ట్ కొలతలోనూ ఒక్క హెచ్చరికా లేదు.

"రికవరీ వాళ్ళు వేలకి వేలు అడుగుతారు కదా" అంటారా? నిజమే. అందుకే డిస్కు ముట్టుకునే ముందు దాని సొంతదారుని అడగాలి, ఇందులో ఏముంది అని. సినిమాలే అయితే మీ సరదా తీరా విప్పి చూసుకోండి. పిల్లల ఫొటోలయితే ఫ్రీజర్లో పెట్టే చిట్కాలూ (లోపల తేమ పట్టడం తప్ప ఒరిగేదేం లేదు), పాత డిస్కు సర్క్యూట్ బోర్డు తెచ్చి బిగించడాలూ వద్దు. ఏ డిస్కు లెక్కలు ఆ డిస్కు బోర్డులోనే ఉంటాయి, ఊరికే మారిస్తే పనిచెయ్యదు.

ఇప్పుడు మన లాప్‌టాపుల్లో ఎక్కువగా ఉండేవి ఎస్‌ఎస్‌డీలు. వాటిలో తిరిగేదేం లేదు, కాబట్టి పోయేముందు మూలగవు కూడా. ఆఫీసులో ప్రతి సర్వరుకీ రెండో కాపీ లేనిదే ఒప్పుకోని మనం, ఇంట్లో పదేళ్ళ ఫొటోలు ఒక్క డిస్కులో పెట్టి బీరువాలో దాచుకుంటాం. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒకసారి అమ్మనడగండి, ఆ డిస్కు ఎక్కడుందో. రెండో కాపీ తీసే పని మాత్రం మీదే.