పటం అడిగినవాళ్లకే రావాలి



పోయిన నెల అంచెట్టి వైపు మన సభ్యుల ఇంట్లో పెద్దాయన పోయారు. ఎన్ని గంటలకు ఎత్తుతారో సంఘం పేజీలో పెట్టామన్నారు. మేము కొండదారిలో బస్సులో ఉన్నాం, సిగ్నల్ ఒక్క గీత. పేజీ తెరిస్తే తెల్లటి తెర. దేంకనికోటలో కూర్చుని చూసినా అంతే. మేము పోయేసరికి అంతా అయిపోయింది.

తర్వాత ఆరా తీస్తే కారణం మన ఊళ్ల పటం అని తేలింది. పేజీ మొదట్లోనే పటం లైబ్రరీని పిలిచే వరస ఒకటి ఉంది. బ్రౌజరు పైనుంచి కిందికి చదువుతుంది. ఆ వరస తగిలితే ఆ ఫైలు దిగేదాకా కిందున్న అక్షరాలు చూపించదు. పైగా ఆ ఫైలు మన సర్వరులో లేదు, వేరే చోటినుంచి రావాలి.

లైబ్రరీ చెడ్డది కాదు. పేరు లీఫ్‌లెట్. 2011లో ఉక్రెయిన్‌కు చెందిన వొలొదిమిర్ అగఫోంకిన్ ఉచితంగా ఇచ్చాడు. కుదిస్తే సుమారు 42 కిలోబైట్లు, మనం పంపుకునే గుడ్‌మార్నింగ్ బొమ్మకన్నా చిన్నది. అసలు బరువు ఆ తర్వాత వచ్చే పటం ముక్కలది. ఒక్కోటి 256 పిక్సెళ్ల చదరం, వేలితో జరిపినకొద్దీ కొత్తవి దిగుతాయి. చావుకబురు చూడవచ్చినవాడికి అవన్నీ ఎందుకు?

పటమే తీసేద్దాం అని కొందరు అంటున్నారు. మేము ఒప్పుకోము. మేము చదివింది తమిళంలో. సూలగిరి, బేరికె, తళి అని తెలుగు అక్షరాల్లో వరసగా చూసింది ఈ వయసులో, ఈ పటం గుర్తుల మీదే. మనవరాలు వేలు పెట్టి తాత ఊరి పేరు కూడబలుక్కుని చదివింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక్కో ఊరికి తెలుగు పేరు రాయడానికి వేరే గడే ఉంది, ఎవరైనా నింపొచ్చు. మన పల్లెలు ఎన్నిటికి నింపాం? అది ఇంకోసారి మాట్లాడుకుందాం.

దారి సులువే. పేజీలో ముందు అక్షరాలు, కింద 'పటం చూడండి' అని ఒక బటన్. నొక్కినప్పుడే జావాస్క్రిప్ట్ ఆ లైబ్రరీని ఇంపోర్ట్ చేసుకోవాలి. ఒకప్పుడు దీనికి రిక్వైర్‌జేఎస్ లాంటి మాడ్యూల్ లోడర్ విడిగా పెట్టుకోవాల్సి వచ్చేది. 2020 ప్రమాణంనుంచి ఈ పద్ధతి భాషలోనే ఉంది, లీఫ్‌లెట్ కూడా మాడ్యూల్ రూపంలో దొరుకుతుంది. ఒకసారి దిగితే, అదే పేజీలో మళ్లీ నొక్కినా మళ్లీ దిగదు. రైల్వేలో గుమాస్తాగిరీ చేసినవాళ్లం కాబట్టి ఒక మాట: దారిలో తగిలించే పెట్టె కోసం బండిని మొదటి స్టేషన్లోనే నిలబెట్టరు.

ఫైలును మన సర్వరులోనే పెట్టుకుంటే ఇంకా మంచిది. పటం రాకపోతే ఖాళీ గడి కాకుండా ఊళ్ల జాబితా తెలుగులో కనబడాలి.

పేజీ చూసే పిల్లలు జీతం లేకుండా చేస్తున్నారు, వాళ్లను ఎవరూ ఒక మాట అనొద్దు. వచ్చే మీటింగులో మేమే అడుగుతాం. మార్చాక హోసూరులో వైఫై దగ్గర కూర్చుని బాగుందనకండి. అంచెట్టి బస్సెక్కి, మా పాత ఫోనులో తెరిచి చూడండి. ఫోను మేమిస్తాం.